నేరేడు పళ్ల పెరుగు ఐస్‌క్రీం రాయిలా గడ్డకడుతోంది, ఎక్కడ తప్పు జరుగుతోంది?

గోదారిగట్టు
రెండు వారాల్లో మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పాడైంది. మా దగ్గర సంతకి నేరేడు పళ్లు బాగా వస్తున్నాయి. నాన్నకి నేరేడంటే ప్రాణం. నా చిన్నప్పుడు పొలం నుంచి వస్తూ తుండుగుడ్డలో మూటకట్టి తెచ్చేవారు. ఆ తుండు మీద ఊదా మరకలు ఎన్నిసార్లు ఉతికినా పోయేవి కావు. ఇప్పుడు ఆయనకి 72 ఏళ్లు, షుగరుంది, దవడ పళ్లు కదిలిపోయి గింజ చుట్టూ కొరుక్కోలేకపోతున్నారు. గుజ్జు తీసి పెరుగులో కలిపి ఐస్‌క్రీంలా చేసి పెడదామని నా ఆశ.

టోన్డ్ పాలు తోడేసిన పెరుగు అరలీటరు, రెండు గుప్పిళ్ల నేరేడు గుజ్జు, నాన్న కోసమని చక్కెర మూడు చెంచాలే. మిక్సీ వేసి ప్లాస్టిక్ డబ్బాలో పోసి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. పొద్దున చూస్తే చాకు దిగలేదు. రెండోసారి మెత్తబడుతుందేమోనని కాసిని పాలు కలిపాను, ఇంకా గట్టిపడింది. మూడోసారి గంటకోసారి కలిపాను, ఇసుక నమిలినట్టు మంచు పలుకులు. పైగా వగరుకి నాలుక పట్టేస్తోంది. మిషన్ కొనే ఉద్దేశం లేదు. చేసినవాళ్లు చెప్పండి.

తిండిగోల
కండెన్స్‌డ్ మిల్క్ ఒక డబ్బా పొయ్యండి. మారు మాట్లాడకుండా మెత్తగా వస్తుంది.

మీగడతరక
పైన చెప్పింది చేస్తే మెత్తగా వస్తుంది, నిజమే. కానీ అది కుల్ఫీ అవుతుంది, పెరుగు పులుపు ఎక్కడా తెలియదు. అందులో నూటికి 40 పాళ్ల పైన చక్కెరే. షుగరున్న పెద్దాయనకని ఆవిడ చెప్తుంటే అదెలా సలహా ఇస్తారు?

తిండిగోల
ఆ ముక్క సరిగ్గా చదవలేదు. వెనక్కి తీసుకుంటున్నా.

పాలకేంద్రం
పాల డెయిరీలో 19 ఏళ్లు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపికగా చదవండి.

మీ సమస్య అంతా నీళ్లు. టోన్డ్ పాలల్లో వెన్న 3 శాతం, వెన్న కాని ఘన పదార్థం 8.5 శాతం. మిగిలిన 88 పాళ్లూ నీళ్లే. ఆ పాలు తోడేస్తే పెరుగులోనూ అంతే నీళ్లు. నేరేడు గుజ్జులో కూడా నూటికి 80 పైనే నీళ్లు. మీరు ఫ్రీజర్లో పెట్టింది రంగు నీళ్లు, అవి ఐసుగడ్డ కాక ఏమవుతాయి? రెండోసారి పాలు పోశారంటే ఇంకొన్ని నీళ్లు కలిపినట్టే.

చక్కెర తీపి కోసమే అనుకుంటాం గానీ ఇక్కడ దానికి ఇంకో పని ఉంది. చక్కెర కరిగిన నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి పోవాలి. ముందు కాస్త నీరు ఐసవుతుంది, మిగిలిన నీళ్లలో చక్కెర చిక్కబడుతుంది. అది చిక్కబడేకొద్దీ గడ్డకట్టడం ఇంకా కష్టమవుతుంది. అందుకే మైనస్ 18 దగ్గర కూడా మంచి ఐస్‌క్రీంలో కొంత భాగం పాకంలా మిగిలే ఉంటుంది, చెంచా దిగేది దానివల్లే. మూడు చెంచాలంటే 15 గ్రాములు. మీ కొలతకి అది ఏ మూలకీ చాలదు.

ఇక చెయ్యాల్సింది. చిక్కటి పాలు తీసుకోండి, 6 శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీం ప్యాకెట్ గానీ గేదె పాలు గానీ. ఆ పెరుగుని పల్చటి నూలు గుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లోనే ఒక గిన్నె మీద వేలాడదియ్యండి. బయట వేలాడదీస్తే ఈ ఉక్కకి పుల్లబడుతుంది. నాలుగైదు గంటల్లో లీటరు పెరుగు అటూఇటూ అరకిలో ముద్ద అవుతుంది. పండు గుజ్జుని విడిగా సన్నసెగ మీద దగ్గర పడేదాకా ఉడికించండి. పూర్తిగా చల్లారాకే కలపండి, వేడి మీద కలిపితే పెరుగు విరుగుతుంది.

నా కొలత: పెరుగు ముద్ద 500 గ్రాములు, దగ్గరపడిన గుజ్జు 250, చక్కెర 150. మొత్తం 900కి చక్కెర ఆరో వంతు. దీనికన్నా తగ్గిస్తే గట్టిపడుతుంది.

కడపకారం
అరకిలో పెరుగుకి 150 గ్రాముల చక్కెరా? పెద్దాయనకి షుగరుందని ఇప్పుడే కదా మీగడతరక గారు అరిచారు!

పాలకేంద్రం
అరిచారు, సరిగానే అరిచారు. ఇది మొత్తం ఇంటికి. 60 గ్రాముల చిన్న కప్పులో చక్కెర 10 గ్రాములు వస్తుంది, అంటే రెండు టీ చెంచాలు. పాలల్లోది, పండులోది దాని పైన. ఎంత పెట్టాలో వాళ్ల డాక్టరు చెప్పాలి, నేను చెప్పను.

వార్డు_నెం_4
నర్సుని. ఒక ముక్క చెప్పి పోతాను. "నేరేడు షుగరుకి మందు, ఎంతైనా తినొచ్చు" అని చాలామంది నమ్ముతారు. నేరేడు మంచి పండే, మామిడి సపోటాల కన్నా తీపి తక్కువే. కానీ పండు పండే, మాత్ర మాత్రే. సీజన్లో మాత్రలు మానేసి నేరేడు తింటూ కూర్చుని, కళ్లు తిరిగి మా దగ్గరికి వచ్చినవాళ్లని చూశాను. గోదారిగట్టు గారూ, నాన్నగారికి అన్నం తిన్న వెంటనే కాకుండా విడిగా కొంచెమే పెట్టండి.

గోదారిగట్టు
మాత్రలు ఒక్క పూట కూడా తప్పనివ్వం అక్కా. పాలకేంద్రం గారూ, నీళ్ల సంగతి ఇంతవరకు ఎవరూ ఇలా విడమర్చి చెప్పలేదు. పాలు పోసి ఇంకా చెడగొట్టానన్నమాట. మరి వగరు?

వాక్కాయపులుసు
వగరుకి ఉప్పు. నేరేడు పళ్లు అమ్మేవాళ్లు పొట్లంలో ఉప్పు ఎందుకు చల్లుతారు మరి? గుజ్జు ఉడికేటప్పుడు పావు చెంచా ఉప్పు వెయ్యండి. చిక్కటి పెరుగు కలిశాక వగరు ఇంకా తగ్గుతుంది, పాలల్లోని మాంసకృత్తులు ఆ వగరుని పట్టేసుకుంటాయి. టీలో పాలు పోస్తే వగరు తగ్గినట్టే. ముఖ్యంగా బాగా పండి, చేత్తో నొక్కితే చితికే పళ్లు ఏరండి. ఎర్రగా ఉన్నవి గిన్నెలోకి రానివ్వద్దు.

ఇంకో మాట. ఇనుప బాణలిలో ఉడికించొద్దు. నేను ఒకసారి ఉడికిస్తే సిరాలా నల్లబడింది. స్టీలు గిన్నెలో చెయ్యండి.

సియాటెల్_వాన
రంగు మాటొస్తే నాదొకటి. పళ్లు శుభ్రంగా కడగాలని కాస్త సోడా ఉప్పు నీళ్లలో వేశాను. కోసిన పళ్లు కూడా అందులో పడ్డాయి. నీళ్లు నీలంగా, ఆ పైన పచ్చగా మారాయి! భయపడి పారబోశాను. తర్వాత తెలిసింది, ఈ ఊదా రంగు పులుపు తగిలితే ఎర్రబడుతుందని, సోడా తగిలితే నీలంలోకి పోతుందని. పెరుగు పులుపే కాబట్టి అందులో కలిపితే చక్కటి గులాబీ ఊదా వస్తుంది.

మాకిక్కడ నేరేడు దొరకదు. ఆగస్టులో రోడ్ల పక్కన, పార్కుల్లో బ్లాక్‌బెర్రీ తీగలు అల్లుకుపోయి ఉంటాయి, ఉచితంగా కోసుకోవచ్చు. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అంటారు, హిమాలయాలతో దానికి ఏ సంబంధమూ లేదు, ఆర్మీనియా, ఇరాన్ వైపు మొక్క. ఊరంతా పాకిపోతోందని ఇక్కడివాళ్లు పీకేస్తుంటారు. ముళ్లు మాత్రం మన రేగు ముళ్లకి తీసిపోవు. ఇద్దరు పిల్లలతో వెళ్లి చిన్న బకెట్ నింపుకొస్తాం. గింజలు పంటికింద పడతాయి కాబట్టి ఉడికించి జల్లెడలో వడకట్టి తీరాలి. పెరుగు మాత్రం గ్రీక్ యోగర్ట్ కొంటాను, అది ముందే నీళ్లు వడిసినది. ఒకసారి కొవ్వు అస్సలు లేనిది కొన్నాను. అరిగిపోయిన సుద్దముక్కలా వచ్చింది. 5 శాతం వెన్న ఉన్నదే బాగుంది.

నిదానం
పెరుగులో పండు కలపడం విరుద్ధాహారం. ఆయుర్వేదంలో అలా చెప్తారు. అందులోనూ రాత్రి పెరుగు వద్దంటారు. మీరేమో ఐసు చేసి పెద్దవయసు మనిషికి పెడుతున్నారు.

కడపకారం
పెరుగన్నంలో మామిడిపండు నంజుకోని తెలుగిల్లు ఒక్కటి చూపించండన్నా. అరటిపండు పిసుక్కుని తినని ఇల్లు చూపించండి.

నిదానం
అలవాటు వేరు, మంచిది వేరు. నేను వాదనకి రాలేదు. ఒంటికి పడనివాళ్లు కూడా ఉంటారు కదా, ఆ జాగ్రత్త చెప్పాను.

మీగడతరక
జాగ్రత్త వరకూ ఒప్పుకుంటాను. మా అత్తగారికి చల్లటిది ఏది తిన్నా దగ్గు. ఆవిడకి ఫ్రీజర్లో పెట్టకముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెడతాను, నేరేడు పెరుగులా తింటారు. బ్రహ్మాండంగా ఉంటుంది, నిజం చెప్పాలంటే ఐసు కన్నా నాకు అదే ఇష్టం.

ఆదిలాబాద్_అంచు
మా దిక్కు మహారాష్ట్ర దగ్గర కాబట్టి పెళ్లిళ్లల్లో శ్రీఖండ్ ఉంటది. పాలకేంద్రం గారు చెప్పిందంతా చూస్తే అది శ్రీఖండే! పెరుగు మూటకట్టుడు, నీళ్లు కారినంక చక్కెర వేసి గుడ్డ మీద రుద్దుడు, అంతే. మా అమ్మ మిగిలిన శ్రీఖండ్‌ను ఫ్రీజర్ల పెడితే మేం చెంచాలతో గీక్కొని తినేటోళ్లం. ఎన్నడూ రాయి కాలేదు. ఇప్పుడు తెలిసింది ఎందుకో, దాంట్ల చక్కెర బాగుంటది, నీళ్లు ఉండవు.

మూటల నుంచి కారిన నీళ్లు పారబోయకుండ్రి. చపాతీ పిండి ఆ నీళ్లతోనే తడపండి, మెత్తగ వస్తయి.

గోదారిగట్టు
ఆ తేటతో నేను చారు పెట్టాను ఇవాళే! పుల్లగా బాగుంది.

చింతపల్లి_చలి
నేరేడు అయిపోయాక చలికాలంలో మా వైపు రండి. లంబసింగి చుట్టుపక్కల స్ట్రాబెర్రీ తోటలున్నాయి, మా బావవాళ్లకి అరెకరం ఉంది. ఇక్కడ ఎత్తు దాదాపు 1000 మీటర్లు, డిసెంబరు, జనవరుల్లో పొద్దున్నే చేతులు కొంకర్లు పోతాయి. ఆ చలికే ఈ పంట. మంచు చూడ్డానికి వచ్చినవాళ్లకి తోట దగ్గరే చిన్న డబ్బాల్లో అమ్ముతాం. ఎండ ముదిరేలోపు అమ్ముడుపోకపోతే పండు మెత్తబడి పాడవుతుంది, ఆ టెన్షన్ రైతుకే తెలుసు. అట్లా మిగిలిన మెత్తటి పళ్లతోనే మా చెల్లెలు పెరుగు ఐస్‌క్రీం మొదలుపెట్టింది.

స్ట్రాబెర్రీలో నీళ్లు నూటికి 90. ముక్కలు పచ్చివి వేస్తే నోట్లో గులకరాళ్లే. ముక్కల మీద చక్కెర చల్లి గంట ఉంచండి, ఎర్రటి రసం ఊరుతుంది. ఆ రసాన్ని మాత్రమే మరిగించి పాకంలా దగ్గర చెయ్యండి. ముక్కల్ని మరిగించకుండా చివర్లో మెదిపి కలిపితే వాసన పోదు. చక్కెర పీల్చుకున్న ముక్కలు గడ్డకట్టినా పంటికి మెత్తగానే తగులుతాయి.

తిండిగోల
లంబసింగిలో చలిమంట దగ్గర కూర్చుని ఐస్‌క్రీం తినాలా అన్నా?

చింతపల్లి_చలి
తినాలి. చలిలో తింటేనే కరగదు, నిదానంగా తినొచ్చు.

హిందూపురం_మల్బరీ
మా ప్రాంతంలో పట్టుపురుగుల కోసం మల్బరీ వేస్తారు. ఆకు కోసం కొమ్మలు ఎప్పటికప్పుడు నరికేస్తారు కాబట్టి తోటలో పళ్లు అంతగా ఉండవు. గట్టు మీద వదిలేసిన పెద్ద చెట్లకి మాత్రం నల్లగా విరగకాస్తాయి. పురుగులకి ఆకు వెయ్యాలి కాబట్టి మందు కొట్టడానికి ఎక్కువమంది వెనకాడతారు.

పండు మధ్యలో పచ్చ తొడిమ ఉంటుంది, కత్తెరతో తీసెయ్యాలి, లేకపోతే గడ్డి రుచి. మల్బరీలో తీపే గానీ పులుపు తక్కువ, చప్పగా అనిపిస్తుంది. అరచెక్క నిమ్మరసం పిండితే లేచి నిలబడుతుంది. కోసిన రోజే చెయ్యాలి, మర్నాటికి బూజు.

కడపకారం
హైదరాబాదులో ఉన్నప్పుడు ఎండాకాలం బండ్ల మీద ఫాల్సా అని చిన్న ఊదా పళ్లు దొరికేవి. దాంతో చేసినవాళ్లున్నారా?

వాక్కాయపులుసు
చేశాను. గింజకి గుజ్జు తక్కువ, పని ఎక్కువ. ఉప్పేసి తినడానికే బాగుంటాయి. మీరు వాక్కాయ ప్రయత్నించండి. పచ్చివి పప్పులోకి, పులిహోరలోకి వాడేస్తాం. చెట్టు మీదే నల్లగా పండనిచ్చిన వాక్కాయ వేరే పండు, తీపీ పులుపూ కలిసి. కోస్తే జిగట పాలు కారతాయి కాబట్టి చీల్చి గింజలు తీసి, ఒక పొంగు ఉడికించి వాడాలి. పళ్లు దగ్గర పడితే రక్తమంత ఎర్రటి పాకం వస్తుంది. దానికి చక్కెర ఇంకొంచెం పడుతుంది.

సియాటెల్_వాన
పండ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. పచ్చి అనాసపండు మాత్రం పెరుగులో కలిపి నిల్వ ఉంచొద్దు. అందులోని ఎంజైమ్ పాల మాంసకృత్తుల్ని విరగ్గొట్టి చేదు తెస్తుంది. పుట్టినరోజుకి చేసి మొత్తం పారబోశాను. ఉడికించి చల్లార్చి వేస్తే ఏమీ కాదు.

పాతమిషన్
అందరూ ఫ్రీజర్ గురించే మాట్లాడుతున్నారు. మా నాన్న పెళ్లిళ్లకి ఐస్‌క్రీం తిప్పేవాడు. చెక్క తొట్టి, మధ్యలో రేకు డబ్బా, పైన పిడి. తొట్టిలో కొట్టిన ఐసు, రాళ్ల ఉప్పు పొరలు పొరలుగా వేసేవాళ్లం, మూడు నాలుగు పాళ్ల ఐసుకి ఒక పాలు ఉప్పు. ఉప్పు తగిలితే ఐసు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, ఆ ఉప్పునీళ్లు సున్నా కన్నా ఎంతో కిందికి పోతాయి. మైనస్ 21 దాకా పోగలవంటారు, మా తొట్టిలో అంత కాకపోయినా చెయ్యి పెడితే చురుక్కుమనేది. అరగంట ఆగకుండా తిప్పాలి. ఆపితే గోడకి పట్టేస్తుంది. భుజాలు పడిపోయేవి.

ఇదెందుకు చెప్తున్నానంటే, మెత్తదనం రహస్యం రెండే. తొందరగా చల్లబడాలి, చల్లబడేటప్పుడు కదులుతూ ఉండాలి. నెమ్మదిగా గడ్డకడితే పలుకులు పెద్దవవుతాయి. మీ ఫ్రీజర్లో లోతైన ప్లాస్టిక్ డబ్బా పెడితే నడిమధ్య చల్లబడటానికి సగం రాత్రి పడుతుంది. వెడల్పాటి స్టీలు పళ్లెంలో వేలెడు మందాన పొయ్యండి. అంచులు గట్టిపడగానే, అంటే ముప్పావు గంటకి, ఫోర్కుతో అంచుల్ని లోపలికి గీకి కలపండి. తర్వాత అరగంటకోసారి, మూడు నాలుగు సార్లు. మీరు గంటకోసారి కలిపానన్నారు, లోతు డబ్బాలో అది చాలలేదు.

పిల్లలుంటే ఇంకో పని. చిన్న జిప్ కవర్లో మిశ్రమం, దాన్ని ఐసు, ఉప్పు వేసిన పెద్ద కవర్లో పెట్టి తువ్వాలు చుట్టి పది నిమిషాలు ఊపమనండి. అక్కడికక్కడే తినెయ్యొచ్చు.

మీగడతరక
పాతమిషన్ గారి పళ్లెం పద్ధతే నాది కూడా, చివర్లో ఒక తేడా. పూర్తిగా గట్టిపడ్డాక పలకలా విరిచి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి డబ్బాకి ఎత్తుతాను. పైన గాలి తగలకుండా వాడ్చిన అరటాకు ముక్క అతికిస్తాను. మంచు పట్టదు, మూత తీస్తే ఆకు వాసన.

గోదారిగట్టు
అరటాకు! మా పెరట్లోనే ఉంది. మాకు ఇంకో సమస్య, రోజూ మధ్యాహ్నం కరెంటు గంటన్నర పోతోంది.

పాలకేంద్రం
మీ ఇసుక పలుకులకి అది కూడా కారణం కావొచ్చు. సగం కరిగి మళ్లీ గడ్డకట్టినప్పుడల్లా చిన్న పలుకులు కరిగిపోయి పెద్దవాటికి అతుక్కుంటాయి. కరెంటు వచ్చాక మొదలుపెట్టండి, చేసిన మూడు నాలుగు రోజుల్లో తినెయ్యండి. డబ్బాని ఫ్రీజర్ తలుపు దగ్గర కాకుండా లోపలి గోడకి ఆనించండి.

ఒక చెంచా రెండు చెంచాలు వెన్న తీసిన పాలపొడి కలిపితే నీళ్లని ఇంకాస్త పట్టి ఉంచుతుంది. అంతకు మించి వద్దు, పాల చక్కెర ఎక్కువై నాలుకకి గరుగ్గా తగులుతుంది.

ఆదిలాబాద్_అంచు
చక్కెరకు బదులు బెల్లం వేయొచ్చా?

వాక్కాయపులుసు
వేయొచ్చు. పాకం పట్టి వడకట్టి చల్లార్చి కలపాలి. రంగు మాత్రం బురదగా మారుతుంది, నేరేడు రంగు చూసుకోవాలనుకుంటే వద్దు. షుగరువాళ్లకి బెల్లం మంచిదనుకుని ఎక్కువ వేసే అలవాటు ఇళ్లలో ఉంది. అదీ చక్కెరే.

తిండిగోల
ఇవన్నీ విన్నాక నాకు ఒకటి తట్టింది. మొదటిసారి తప్పు సలహా ఇచ్చాను కాబట్టి ఇప్పుడు ఆలోచించి చెప్తున్నా. నాన్నగారికి చక్కెర తగ్గించాలి, తగ్గిస్తే గట్టిపడుతుంది, అంతే కదా గొడవ. మరి గట్టిగా ఉండాల్సిన దాన్నే చెయ్యొచ్చుగా? పుల్ల ఐసు! బడి గేటు దగ్గర కొనుక్కున్న పాల ఐసు మెత్తగా ఉండేదా? చప్పరించుకుంటూ తినేవాళ్లం. ఆయన వాటా వరకు చక్కెర తగ్గించి పుల్ల గుచ్చి పెట్టండి. పంటితో పని లేదు.

పాలకేంద్రం
ఇది చాలా మంచి ఆలోచన. నేను కొలతల్లో పడి ఇటువైపు చూడలేదు.

వార్డు_నెం_4
దీనికి నా ఓటు కూడా. పుల్ల ఐసు చిన్నది, ఒక్కటి తింటే ఎంత తిన్నారో లెక్క తెలుస్తుంది. డబ్బా ముందు పెట్టుకుంటే తెలియదు. కదిలే పళ్లకి చల్లటిది జివ్వుమంటుంది, రెండు నిమిషాలు బయట ఉంచి ఇవ్వండి.

కడపకారం
తిండిగోల, కండెన్స్‌డ్ మిల్క్ మాట మాఫీ.

గోదారిగట్టు
నాలుగు రోజులకి వచ్చాను, వివరంగా రాస్తున్నాను.

శనివారం సంతలో కిలోన్నర నేరేడు తెచ్చాను. పురుగు రంధ్రాలున్నవి, ఎర్రవి తీసేశాక కిలోకి కొంచెం పైన మిగిలాయి. ఉప్పు నీళ్లలో కడిగి, చేత్తోనే చిదిమి గింజలు తీశాను. మిక్సీ వెయ్యలేదు, గింజ నలిగితే చేదొస్తుందని అమ్మ చెప్పింది. 600 గ్రాముల గుజ్జు వచ్చింది. స్టీలు గిన్నెలో పావు చెంచా ఉప్పేసి పావుగంట ఉడికిస్తే 400కి దిగింది. వేళ్లు మూడు రోజులు ఊదాగా ఉన్నాయి, ఆఫీసులో అందరూ ఓటేసి వచ్చావా అని అడిగారు.

గేదె పాల పెరుగు లీటరు రాత్రి ఫ్రిజ్‌లో మూటకట్టాను, పొద్దునకి 480 గ్రాముల ముద్ద. ముందు 150 గ్రాముల ముద్ద, 100 గ్రాముల గుజ్జు, రెండు చెంచాల చక్కెర కలిపి నాన్న వాటా పక్కకి తీశాను. ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసుల్లో అడుగున పోసి పుల్లలు గుచ్చాను, ఐదు వచ్చాయి. మిగతాది పాలకేంద్రం గారి పాళ్ల ప్రకారం పళ్లెంలో పోసి, కరెంటు వచ్చాక మొదలుపెట్టి, నాలుగుసార్లు గీకి, అరటాకు వేసి పెట్టాను.

చెంచా దిగింది! పావుగంట ముందు బయట పెట్టాల్సి వచ్చింది గానీ దిగింది. రంగు చూసి మా అమ్మాయి ఇందులో ఏం రంగు కలిపావని మూడుసార్లు అడిగింది. వగరు చివర్లో కొంచెం తెలుస్తుంది, ఉంటేనే బాగుంది, నేరేడు తిన్నట్టు ఉంది.

నాన్నకి భోజనమైన రెండు గంటలకి పుల్ల ఐసు ఇచ్చాను. గ్లాసుని నీళ్లలో ముంచితే ఊడొచ్చింది. అరుగు మీద కూర్చుని చివరిదాకా తిన్నారు, ఏమీ మాట్లాడలేదు. బాగాలేదేమో అనుకున్నాను. తర్వాత నాలుక చాపి రంగొచ్చిందా అని మా అమ్మాయిని అడిగారు. ఊదాగా ఉందని అది చెప్పగానే ఆయన ముఖం చూడాలి. చేతిలో ఉన్న కారిన పుల్లని తుండుతో తుడిచారు. తెల్ల తుండు. అమ్మ కేకలేసింది.

వార్డు_నెం_4
ఆ తుండు ఉతకొద్దు.

మీగడతరక
చదువుతుంటే కళ్లు చెమర్చాయి. నాన్నగారు రుచి గురించి చివరికి ఏమన్నారు?

గోదారిగట్టు
"గింజ ఊయడానికి లేదు గానీ, నేరేడే" అన్నారు. పారేసిన గింజలు ఏవని అడిగారు. బకెట్లో ఉన్నాయంటే వెళ్లి ఏరుకుని చేను గట్టు మీద పాతి వచ్చారు. పాత చెట్టు ఏడేళ్ల కింద తుపానుకి పోయింది మాకు.

పాతమిషన్
మంచి పని చేశారు. నేరేడు గింజ ఎక్కువ రోజులు ఆగదు, ఆరిపోకముందే నాటాలి. ఈ వానలకే మొలకొస్తుంది. గింజ మొక్క కాపుకి రావడానికి ఎనిమిది పదేళ్లు పట్టొచ్చు, మేకలు రాకుండా కంచె వెయ్యండి.

గోదారిగట్టు
కంచె ఇవాళ పొద్దునే కట్టారు. వాక్కాయపులుసు గారూ, మా కాలవ గట్టున వాక్కాయలు నల్లబడుతున్నాయి. కిలోకి చక్కెర ఎంత పడుతుందో చెప్తారా?

వాక్కాయపులుసు
గింజలు తీసి ఉడికించాక 250 గ్రాముల గుజ్జు తూచుకోండి. పెరుగు ముద్ద అదే 500, చక్కెర 180. ముళ్లు జాగ్రత్త, చెట్టు కింద రాలినవి కాకుండా కొమ్మ మీదవి కొయ్యండి.